బాట మనది, బరువెవరిది?

ఊరికి కొత్త తారు రోడ్డు పడితే మొదలు మురుస్తం. రెండు వానలకే గుంతలు తేలితే కాంట్రాక్టరును తిడతం. తారు తక్కువ పోసిండంటం, ఇంజనీరు కమీషన్ తిన్నడంటం, లీడరు వాటా గుంజుకున్నడంటం. ఈ తిట్లలో నిజం లేదని మేము అనం. చాలాసార్లు ఉంటది. కానీ ఆ రోడ్డు మీద రాత్రి పన్నెండు దాటినంక ఎన్ని బండ్లు పోయినయి, ఒక్కో బండి మీద ఎంత బరువున్నది, అంత బరువు ఎత్తి పంపిందెవరు అనే లెక్క మాత్రం ఎవరూ అడగరు. సర్పంచ్ అడగడు, ఎంవీఐ అడగడు, అసెంబ్లీలో అసలే అడగరు. ఈ వారం ఆ లెక్క మనమే అడుగుదాం.

రోడ్డు ఎట్ల పాడైతదో ఇంజనీర్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒటావా అనే ఊరి దగ్గర పరీక్ష కోసమే రోడ్లు వేసి, వాటి మీద రకరకాల బరువులతో లారీలను రెండేండ్లు తిప్పిండ్రు. తేలిందేమిటంటే, ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం రెండింతలతో ఆగదు, దాదాపు పదహారింతలు అయితది. నాలుగో ఘాతం సూత్రమని దాన్ని అంటరు. పది టన్నులు మొయ్యాల్సిన ఇరుసు మీద పదిహేను వేస్తే నష్టం ఐదింతలు. అంటే ఓవర్‌లోడు బండి ఒక్కటి పోతే, సరైన బరువుతో అయిదు బండ్లు పోయినట్టు. "ఇంకో ఐదు టన్నులే గదా" అనేటోడు లెక్క రానోడన్న కావాలె, లెక్క మస్తుగ వచ్చినోడన్న కావాలె.

పరిమితి ఎవరు పెట్టిండ్రు?

ఏ బండి ఎంత బరువు మొయ్యాలెనో చెప్పే అధికారం ఢిల్లీ చేతిలో ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 58వ సెక్షన్ కింద కేంద్రం నోటిఫికేషన్ ఇస్తది, అన్ని రాష్ట్రాలు దాన్ని పాటించాలె. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు చానా ఏండ్లు 10.2 టన్నుల పరిమితి ఉండె. 2018 జూలైలో దాన్ని 11.5 టన్నులకు పెంచిండ్రు. జంట ఇరుసుకు 19 ఉన్నదాన్ని 21 చేసిండ్రు. పెద్ద ట్రెయిలర్ మొత్తం బరువు 49 టన్నుల నుంచి 55 టన్నులకు పోయింది. సరుకు రవాణా ఖర్చు తగ్గుతదని చెప్పిండ్రు. కొత్త బండ్లు బలమైనవని చెప్పిండ్రు. బండి బలమైందే కావచ్చు. మరి బండి కింది రోడ్డు బలమెంత?

లెక్క చూడుండ్రి. 10.2 నుంచి 11.5కు పెంచితే బరువు పెరిగింది నూటికి పదమూడు వంతులే. నాలుగో ఘాతం సూత్రం ప్రకారం రోడ్డుకు నష్టం పెరిగేది నూటికి అరవై వంతులు. ఇది చట్టం ఒప్పుకున్న బరువుతో జరిగే నష్టం. దొంగచాటుగ ఎక్కించేది దీని పైన.

రాజ్యాంగం చూస్తే మోటారు బండ్లు ఉమ్మడి జాబితాలో ఉన్నయి. జాతీయ రహదారులు కేంద్రానివి. మిగిలిన రోడ్లు రాష్ట్రానివి. అంటే బరువు పెంచే సంతకం ఢిల్లీలో పడుతది, ఆ బరువుకు పగిలే ఆర్ అండ్ బీ రోడ్డు, పంచాయతీరాజ్ రోడ్డు మన పద్దులో పడుతది. మరమ్మతు పైసలు మన బడ్జెట్ నుంచి పోవాలె. లాభమొచ్చే నిర్ణయం ఒక దగ్గర, భరించే జేబు ఇంకో దగ్గర. ఇట్లాంటి ఏర్పాటు ఎట్లుంటదో తెలంగాణోళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు.

పరిమితిని ఇతర దేశాలతో పోల్చి చూసినా ఆలోచనలో పడతం. అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం అంతర్రాష్ట్ర రహదారి మీద ఒంటి ఇరుసుకు 20 వేల పౌండ్లు, అంటే సుమారు తొమ్మిది టన్నులు. జంట ఇరుసుకు 34 వేల పౌండ్లు, సుమారు 15.4 టన్నులు. మొత్తం బండికి 80 వేల పౌండ్లు, సుమారు 36 టన్నులు. అంత మందం రోడ్లున్న దేశం తొమ్మిది టన్నుల దగ్గర ఆగితే, మొరం మీద పలుచగ తారు పూసుకునే మనం పదకొండున్నర దగ్గరికి పోయినం.

విడదీయలేని బరువు, విడదీయగల బరువు

పెద్ద లోడు కనిపిస్తే చాలు తప్పు అనేటోళ్లం కాదు మేము. కొన్ని బరువులను ముక్కలు చెయ్యలేం. సబ్‌స్టేషన్‌కు పోయే ట్రాన్స్‌ఫార్మర్, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో తయారయ్యే టర్బైను, కరెంటు కేంద్రానికి పోయే బాయిలరు భాగాలు, ఇవి ముక్కలు చేస్తే పనికిరావు. కాళేశ్వరంలో లక్ష్మీపూర్ పంపుహౌజు మోటార్లు ఒక్కోటి 139 మెగావాట్లవి. అంత యంత్రం తాలూకు భాగాలు మామూలు లారీ మీద వచ్చేటివి కావు. ఇట్లాంటి వాటి కోసమే అనుమతి పద్ధతి ఉన్నది. రవాణా భాషలో దీన్ని ఓడీసీ అంటరు. ఓవర్ డైమెన్షనల్ కార్గో.

బండి వెడల్పు 2.6 మీటర్లు దాటొద్దని కేంద్ర నిబంధన. అది దాటినా, పొడవు, ఎత్తు, బరువు దాటినా పర్మిషన్ తీసుకోవాలె. జాతీయ రహదారి వంతెనల మీద పోవాలంటే కేంద్ర రోడ్డు రవాణా శాఖ అనుమతి. రాష్ట్ర రోడ్డుకు ఆర్ అండ్ బీ అనుమతి. రైల్వే గేటు దాటాలంటే రైల్వేది. కరెంటు తీగలు ఎత్తాల్సి వస్తే విద్యుత్ సంస్థది. విద్యుదీకరించిన రైల్వే గేటు దగ్గర 4.67 మీటర్ల ఎత్తున అడ్డంగా గేజి కట్టి ఉంటది. దానికన్న ఎత్తున్న లోడు ఊరికే దాటితే పై తీగ తగిలి మనుషులు మాడిపోతరు. ముందు దారంతా సర్వే చెయ్యాలె. ఏ మోరి ఎంత మోస్తదో చూడాలె. ముందొక బండి, వెనుకొక బండి ఎర్ర జెండాలతో పోవాలె.

మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వంతెనల ప్రమాణాల్లో 385 టన్నుల ప్రత్యేక వాహనానికి కూడా లెక్క ఉన్నది. ఇరవై ఇరుసుల హైడ్రాలిక్ ట్రెయిలర్. అది వంతెన మీదికి వచ్చినప్పుడు ఇంకో బండి ఉండొద్దు, వంతెన నడిమి నుంచి పోవాలె, గంటకు ఐదు కిలోమీటర్లు మించొద్దు. మనిషి నడక కన్న మెల్లగ. 385 టన్నుల బరువు ఇరవై ఇరుసుల మీదికి పంచి, నడిమి నుంచి, నడక వేగంతో పోతే వంతెనకు ఏం కాదు. అదే వంతెన మీద పది ఓవర్‌లోడు టిప్పర్లు ఒకదాని వెనుక ఒకటి ఉరికితే ఆ జాగ్రత్త ఒక్కటి కూడా ఉండదు.

ఇప్పుడు అసలు మాట. ఈ అనుమతి పద్ధతికి మూలం ఒక్కటే. ముక్కలు చెయ్యలేని సరుకుకే మినహాయింపు. ఇసుక ముక్కలు చెయ్యలేనిదా? కంకర, మొరం, బూడిద, బొగ్గు, వడ్లు, సిమెంటు బస్తాలు, వీటిలో ఏది రెండు బండ్లలో పంచలేనిది? ముప్పై టన్నుల ఇసుకను ఒక బండిలో పోసేటోనికి ఇంకో బండిలో పొయ్యడం చేతగాక కాదు. ఒక డ్రైవరు జీతం, ఒక ట్రిప్పు డీజిలు మిగుల్చుకోవడానికి. అందుకే ఇసుక ఓవర్‌లోడుకు ఏ దేశంలో కూడా చెప్పుకోదగ్గ సాకు లేదు. మన దగ్గర మాత్రం జరిగేది తలకిందులు. నిజంగ పెద్ద యంత్రం తీసుకపోయేటోడు పది ఆఫీసుల చుట్టు తిరిగి సంతకాలు పెట్టించుకుంటడు. ఇసుక బండికి కాగితమే అవసరం పడదు, రాత్రయితే చాలు.

కాగితం కూడా కాపాడదు

పర్మిట్ ఉంటే అయిపోయిందా అంటే అదీ కాదు. 2013 మే 23న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ నది మీది వంతెన ఒక ముక్క కూలి నీళ్లలో పడ్డది. కెనడా నుంచి సియాటిల్ దిక్కు పోయే పెద్ద రహదారి అది. కూలడానికి కారణం ఒక ఎత్తైన లోడు. ఆ ట్రక్కుకు రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ ఉన్నది. ముందు పైలట్ బండి కూడ ఉన్నది. కానీ ఆ దారిలో వంతెన ఎత్తు సరిపోతదా లేదా అని పర్మిట్ ఇచ్చిన శాఖ చూడలేదు, చూసుకునే బాధ్యత బండోనికే వదిలేసింది. పైలట్ బండి డ్రైవరు ఫోన్‌లో మాట్లాడుతున్నదని ఆ దేశ రవాణా భద్రతా బోర్డు విచారణలో తేలింది. వంతెన మీది ఇనుప చట్రానికి లోడు తగిలింది, వంతెన పోయింది. రెండు బండ్లు నదిలో పడ్డయి. అందులోని ముగ్గురు బతికి బయటపడ్డరు.

మన దేశంలో 2020 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని మున్సియారీ దగ్గర సరిహద్దుకు పోయే దారిలో ఒక బెయిలీ వంతెన కూలింది. మట్టి తవ్వే మిషిన్‌ను ఎక్కించుకొని ఒక ట్రక్కు దాని మీదికి వచ్చింది. వంతెన మోసేది 18 టన్నులు, ఎక్కింది 26 టన్నులని అప్పట్ల పత్రికలు రాసినయి. సరిహద్దు రోడ్డు కాబట్టి బీఆర్ఓ వారం తిరక్కముందే కొత్త వంతెన నిలబెట్టింది. మన ఊరి మోరి కూలితే వారంలో కట్టేది ఎవరు? ఇసుప రేకులు వేసుకొని, ఇసుక బస్తాలు పెట్టుకొని ఏండ్లకేండ్లు దాటుతనే ఉంటం.

జుర్మానా ఉన్నది, దించుడే లేదు

చట్టం మెత్తగ ఉన్నదని అనుకోవద్దు. ఓవర్‌లోడుకు మునుపు రెండు వేల జుర్మానా, ఎక్కువైన ప్రతి టన్నుకు వెయ్యి ఉండె. 2019 సెప్టెంబర్ 1 నుంచి దాన్ని ఇరవై వేలు, టన్నుకు రెండు వేలు చేసిండ్రు. పది టన్నులు ఎక్కువైతే నలభై వేలు కట్టాలె. పక్కకు, ముందుకు, వెనుకకు, పైకి లోడు పొడుచుకొని వస్తే ఇరవై వేలు. బండి ఆపి కాంట పెట్టనియ్యకపోతే నలభై వేలు. అన్నిటికన్న ముఖ్యమైన మాట ఇంకోటున్నది. ఎక్కువున్న బరువు దించనిదే బండి కదలొద్దు. 194వ సెక్షన్‌లో ఈ మాట నల్లటి అక్షరాలతో ఉన్నది.

దీనికి ముందే, 2005లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. కొన్ని రాష్ట్రాలు ఒక పద్ధతి పెట్టుకున్నయి. కాంపౌండింగ్ ఫీజు కట్టు, రశీదు తీసుకో, అదే లోడుతో దర్జాగ పో. కోర్టు ఇది చెల్లదన్నది. ఫీజు కట్టడమంటే చేసిన తప్పుకు శిక్ష అనుభవించడం, ఆ తప్పును గమ్యం దాక కొనసాగించే లైసెన్సు కాదన్నది. ఎక్కువైన సరుకు దించాల్సిందే అన్నది.

ఇరవై ఏండ్లు దాటింది. మనకు ఎదురైన ఎన్ని బండ్ల నుంచి సరుకు దించంగ చూసినం? దించిన సరుకు పెట్టడానికి రోడ్ల పక్కన జాగ ఉన్నదా? దానికి కాపలా ఉన్నదా? దించే కూలీలున్నరా? ఇవేవీ లేనప్పుడు ఆఫీసరు ఏం చేస్తడు? చలానా రాసి పంపిస్తడు. మంచోడైతే చలానా రాస్తడు. కానోడైతే అది కూడ రాయడు.

బండిని తూకానికి పంపే అధికారం 114వ సెక్షన్ ఇచ్చింది. అది కూడ ఒక ముడితో ఇచ్చింది. బండి పోయే దారిలో పది కిలోమీటర్ల లోపల, లేదంటే అది చేరే ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపల కాంట ఉంటేనే పంపాలె. అంటే ధర్మకాంట లేని తొవ్వలో ధర్మం లేదు. ఈ ముడి లారీ యజమానికి తెలుసు, ఇసుక మేస్త్రికి తెలుసు. అందుకే బండ్లు కాంటలున్న మెయిన్ రోడ్డు విడిచి ఊర్ల నడిమి నుంచి తిరుగుతయి. మెయిన్ రోడ్డును కాపాడబోయి ఊరి రోడ్డును బలిపెట్టినట్టయింది.

దొరికేదెవరు?

దొరికేది డ్రైవరు. రాత్రంత నిద్రలేక, రెండు చాయల మీద బండి నడిపే మనిషి. కేసు ఆయన మీద, లైసెన్సు ఆయనది, ప్రమాదమైతే కొట్టేది ఆయన్నే. ఎంత ఎక్కియ్యాలెనో ఆయన నిర్ణయం కాదు. "వద్దు సారూ, పాసింగ్ దాటుతది" అంటే మరునాడు ఆ సీట్ల ఇంకో డ్రైవరుంటడు.

డ్రైవరు వెనుక బండి యజమాని. అందులో పెద్దోళ్లున్నరు, ఒకే లారీ కిస్తీల మీద కొనుక్కొని బతుకుతున్నోళ్లూ ఉన్నరు. కిరాయి టన్ను లెక్కన ఇస్తరు. పక్కోడు ముప్పై టన్నులు ఎత్తుతుంటే మనం ఇరవై ఎత్తితే కిస్తీ వెళ్లదు. అందరూ పరిమితి పాటిస్తే టన్ను కిరాయి పెరుగుతది, ఎవరికీ నష్టం లేదు. ఒక్కడే పాటిస్తే ఆ ఒక్కడే మునుగుతడు. కాబట్టి నిజాయితీగ ఉండాలని చిన్న యజమానికి సుద్దులు చెప్తే పని కాదు. అందరినీ ఒకే కాంట మీదికి తేవాలె.

యజమాని వెనుక సరుకోడు. క్వారీ, క్రషర్, ఇసుక రీచు, ఫ్యాక్టరీ. బండిలోకి బరువు ఎక్కేది అక్కడ. చట్టంలో "నడిపినోడు" అని మాత్రమే లేదు. "నడిపించినోడు, నడపనిచ్చినోడు" అని కూడ ఉన్నది. డ్రైవరు యజమాని కాకపోతే, యజమానికి తెలిసే జరిగిందని కోర్టు భావించొచ్చని 113వ సెక్షన్ చెప్తది. ఇన్ని మాటలుండి క్వారీ గేటు దాక ఏ కేసు ఎందుకు పోదు? ఎందుకంటే అక్కడ కూసున్నోనికి పార్టీ ఉంటది. ఏ జెండా ఉన్నా, ఆ జెండా కింద టిప్పర్లుంటయి.

2025 నవంబర్ 3 పొద్దున చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు గుద్దుకున్నయి. కంకరంత బస్సులోకి కుమ్మరిచ్చుకున్నది. సీట్ల మీద కూసున్నోళ్లు కూసున్నట్టే కంకర కింద కూరుకపోయిండ్రు. ఇరవై మంది దాక పాణాలు పోయినయి. కాలేజీలకు పోయే పిల్లలున్నరు, పట్నంలో పనికి పోయేటోళ్లున్నరు. ఆ ప్రమాదంలో ఎవరి తప్పెంత అనేది విచారణ చేసేటోళ్ల పని. మేము చెప్పేది వేరే. మన రోడ్ల మీద బరువు ఒక అంకె కాదు. బ్రేకు ఎంత దూరంలో పడుతదో బరువు చెప్తది. మలుపులో బండి ఒరుగుతదా నిలబడుతదా అనేది బరువు చెప్తది. గుద్దుకున్నంక ఎంతమంది మిగులుతరనేది కూడ బరువే చెప్తది.

మన ఊరి రోడ్డు చానా వరకు 3.75 మీటర్ల వెడల్పు. లారీ 2.6, బస్సు 2.6. రెండు కలిస్తే 5.2. అంటే ఎదురెదురు వస్తే ఒకటి మొరం మీదికి దిగాల్సిందే. ఎవరు దిగాలె? ఓవర్‌లోడున్న టిప్పరు దిగదు, దిగితే ఒరుగుతది. దిగేది బస్సు. ఇంక ఆటో, సైకిలు మోటారు సంగతి చెప్పే పనే లేదు.

రాష్ట్రం చేతిలో ఏమున్నది?

2014 జూన్ 2 తర్వాత పర్మిట్ల మీద మస్తు లొల్లి జరిగింది. విభజన చట్టంలో పాత పర్మిట్లు చెల్లుతయని రాసిండ్రు. 2015 ఏప్రిల్ నుంచి ఆంధ్ర బండ్ల మీద పన్ను మొదలుపెట్టిండ్రు. రెండు రాష్ట్రాలకు సింగిల్ పర్మిట్ కావాలని లారీ యజమానులు అడుగుకుంటనే వచ్చిండ్రు. ఈ లొల్లి అంత ఫీజు గురించి, పన్ను గురించి. బరువు గురించి మాట రాలేదు. పర్మిట్ అంటే ఖజానాకు వచ్చే పైస అనే చూపు ఒక్కటే మిగిలింది. రోడ్డును కాపాడే కాగితం అనే చూపు పోయింది.

2017 జూలైలో జీఎస్టీ వచ్చి పన్నుల చెక్‌పోస్టులు పోయినయి. 2025 అక్టోబర్‌లో రాష్ట్ర సర్కారు రవాణా చెక్‌పోస్టులు కూడ ఎత్తేసింది. మామూళ్ల అడ్డాలు మూతపడ్డందుకు ఏడ్చేటోళ్లం కాదు మేము. పోవాల్సిందే పోయింది. కానీ అక్కడ జరగాల్సిన తూకం ఇప్పుడు ఎక్కడ జరుగుతది? చెక్‌పోస్టు తీసేసినప్పుడు దాని జాగలో కాంట పెట్టాలె గదా. అవినీతి పోవాలంటే తూకం పోవాల్సిన పనేమున్నది?

చేసేది ఉన్నది, చెయ్యనీకి చట్టం కూడ ఉన్నది. మొదటిది, సర్కారు తన గేటు దగ్గర మొదలుపెట్టాలె. తెలంగాణలో రీచుల ఇసుక అమ్మేది ఖనిజాభివృద్ధి సంస్థ. అంటే సర్కారే. ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుంటే బండి నంబరు పడుతది, లోడెంతో పడుతది. సింగరేణిలో 51 శాతం వాటా మన రాష్ట్రానిది. బొగ్గు తూకం లేకుండ గేటు దాటదు, ఎందుకంటే బొగ్గుకు పైసలు తూకం మీద వస్తయి. పైసల కోసం తూచేటోళ్లకు రోడ్డు కోసం తూచుడు కష్టమా? ఆర్సీలో ఉన్న బరువు మించితే వే బిల్లు పుట్టొద్దు. కంప్యూటరే ఆపాలె. సర్కారు సరుకు సర్కారు రోడ్డును పగలగొట్టకుండ ఆపడానికి ఢిల్లీని అడగాల్సిన పని లేదు.

రెండోది, 115వ సెక్షన్. ఒక రోడ్డు, ఒక వంతెన పరిస్థితిని బట్టి, ప్రజల భద్రతను బట్టి, ఫలానా బండ్లు ఫలానా తొవ్వలో పోవద్దని ఆపే అధికారం రాష్ట్రానికి ఉన్నది. గెజిట్‌లో పెట్టి, బోర్డులు నాటితే చాలు. కేంద్రం 55 టన్నులు అన్నా సరే, మా ఊరి మోరి ఇంతే మోస్తదని చెప్పే హక్కు రాష్ట్రం చేతిలో ఉన్నది. ఎన్ని జిల్లాల్లో ఎన్ని రోడ్లకు ఈ నోటిఫికేషన్ ఇచ్చిండ్రో కలెక్టర్లు బయటపెట్టాలె.

మూడోది, క్వారీ లైసెన్సుకు బరువుకు ముడి పెట్టాలె. లోడు ఎక్కించే దగ్గర కాంట, దాని లెక్క రవాణా శాఖకు కనిపించాలె. ఒకే క్వారీ నుంచి పదేపదే ఓవర్‌లోడు బండ్లు దొరికితే చలానా డ్రైవరుకు, నోటీసు క్వారీకి పోవాలె. నాలుగోది, 2015లో చట్టం తెచ్చిన జిల్లా ఖనిజ నిధి. గని, క్వారీ ఉన్న జిల్లాల్లో ఆ పైసలున్నయి. టిప్పర్లు పగలగొట్టిన రోడ్డుకు ఆ నిధి నుంచే పెట్టాలె. ఊరోళ్ల పన్ను నుంచి కాదు. అయిదోది, దించిన సరుకుకు జాగ. మండలానికి ఒక యార్డు చూపితే "ఎక్కడ దించాలె సారూ" అనే సాకు పోతది.

రేటు పెరుగుతదని ఒక మాట వస్తది. ఇసుక పిరమైతది, పేదోని ఇల్లు ఆగుతది అంటరు. ఈ మాటను కొట్టిపారేయలేం. టన్నుకు కొంత పెరుగుతది. కానీ ఇప్పుడు ఆ పైసలు మిగిలేది పేదోనికేనా? ఓవర్‌లోడు ఇసుక పేదోనికి సస్తగ దొరికిన ఊరు ఒక్కటి చూపించుండ్రి. మిగులు నడిమిట్లోళ్ల జేబులో పోతున్నది. ఖర్చు మాత్రం గుంతల రూపంలో, బస్సు రాని ఊర్ల రూపంలో, విరిగిన నడుముల రూపంలో పేదోడే కడుతున్నడు. రోడ్డు బాగ లేదని బస్సు బందైతే బడి బందయ్యేది ఆడపిల్లలకు.

ఈ రోడ్ల మీద మనం వంటలు చేసినం, బతుకమ్మ ఆడినం, బైఠాయించినం. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో బస్సులు ఆగితే, ఆ రోడ్లు మనవే అని నిలబడ్డం. ఆ నిలబడ్డది ఇసుక బండ్లకు రాత్రి పూట అడ్డు లేకుండ చెయ్యడానికి కాదు. విద్యార్థులు చెయ్యగల పని ఒకటున్నది. మీ ఊరి తొవ్వలో ఒక వారం రాత్రి ఎన్ని బండ్లు పోయినయో నంబర్లు రాసుకోండి. ఏ రీచు వే బిల్లు ఎంతకు పుట్టింది, ఆర్సీలో పాసింగ్ ఎంత అని సమాచార హక్కు కింద అడగండి. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే దొంగ ఎవరో కాగితమే చెప్తది. ఉద్యోగులకు ఒక మాట. కాంట మీదికి బండి ఎక్కించి, ఫోన్ వచ్చినా దించకుండ నిలబడ్డ ఎంవీఐ ఒక్కరున్నా, ఆయన వెనుక సంఘం నిలబడాలె. బదిలీ అయినంక ప్రకటనలు ఇస్తే లాభం లేదు.

సర్కారుకు మేము పెట్టే ప్రశ్న చిన్నది. మీ రీచు గేటు దాటే బండి బరువు మీకు తెలుసు. ఆ బండి ఆర్సీలో ఉన్న బరువు కూడ మీకు తెలుసు. రెండింటి నడిమి తేడా ఎవరి జేబులోకి పోతున్నదో చెప్పండి.